మంచు ఊళ్లో అరటి: ఆకుకైతే సరే, గెలకైతే వద్దు

న్యూజెర్సీలో తెలుగువాళ్ల ఇళ్లలో కరివేపాకు కుండీ కుదురుకున్నాక మనసు మళ్లేది అరటి మీదికే. మా పెరట్లో ముసా బస్జూ రకం చాలా ఏళ్లుగా ఉంది. జపాన్ అరటి అని అమ్ముతారు కానీ దీని పుట్టిల్లు దక్షిణ చైనా. చలిని ఓర్చుకునే రకం అన్నారని మంచులో పచ్చగా నిలబడుతుందనుకోకండి. తొలి మంచు పడగానే ఆకులన్నీ ఉడికిన తోటకూరలా నల్లబడి వేలాడతాయి. చలిని ఓర్చుకునేది నేలలోని దుంప. మందంగా ఎండుటాకులు కప్పితే బయట మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయినా అది బతుకుతుంది.

దుంప ఒక్కటీ మిగిలితే మేలో మళ్లీ నేల మట్టం నుంచే మొదలు. ఎత్తు కావాలంటే కాండాన్నీ కాపాడాలి. ఆకులు మాడాక దాన్ని నడుమెత్తున నరికి, చుట్టూ ఇనుప వల నిలబెట్టి, లోపల ఎండిన ఓక్ ఆకులు కూరి, పైన వాన దిగకుండా పట్టా కప్పుతాం. ఆ పట్టా ముఖ్యం. చలి కంటే తడే దీనికి పెద్ద శత్రువు. కోసిన చోటు నుంచి నీరు దిగితే ఏప్రిల్లో వల విప్పగానే పులిసిన వాసన గుప్పుమంటుంది. అప్పుడైనా కంగారు అక్కర్లేదు. గట్టి, తెల్లని భాగం తగిలేదాకా కిందికి కోసుకుంటూ పోవాలి. మొవ్వు పుట్టేది దుంప దగ్గరే కనుక, వాతావరణం వెచ్చబడితే కోసిన మర్నాటికే పొరల మధ్య నుంచి లేతాకుపచ్చ చుట్ట పైకి పొడుచుకొస్తుంది.

ఎండలు ముదిరాక నీళ్లు, నత్రజని ఎంత ఇచ్చినా తాగేస్తుంది. ఆగస్టుకు మనిషిని మించి పోతుంది. వినాయక చవితికి ఆకులకు లోటుండదు. కాకపోతే పలచన, గాలికి చీలికలవుతాయి. కొంచెం సెగ చూపించి వేస్తే విస్తరికి పనికొస్తాయి. సంక్రాంతికీ ఉగాదికీ మాత్రం కొట్లో దొరికే గడ్డకట్టిన ఆకులే గతి.

గెల మీద ఆశ వద్దు. ఇక్కడ అరటి పెరిగే కాలం ఏడాదిలో సగమే. కాండం రెండు మూడు చలికాలాలు గట్టెక్కితే పువ్వు రావచ్చు, కానీ కాయల నిండా నల్లటి గింజలే. చక్కెరకేళి రుచి ఊహించుకున్నవాళ్లకు ఇది తీరని అన్యాయం.

తినే పండు కోసం పొట్టి కావెండిష్‌ను కుండీలో పెంచడం ఇంకో దారి. అక్టోబరులో ఆ బరువును లోపలికి ఈడ్వాలి, హీటరు పొడిగాలికి ఎర్రనల్లి పడుతుంది, అంత చేసినా గెల వేయడం అరుదు. నా ఓటు బస్జూకే. కొనేటప్పుడు పెద్ద మొక్కకు డబ్బు పోయనక్కర్లేదు. తెలిసినవాళ్ల పెరట్లో పిలక అడిగి మేలో నాటండి. శరదృతువులో నాటితే చలికి ముందు వేరు పట్టే వ్యవధి ఉండదు.