మిర్చి సీజన్‌లో కాసియో: చెక్ మీట చేసే మేలు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో (రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే చోటు) గుమస్తాగా చేస్తున్నాను. ఫిబ్రవరి, మార్చిలో మిర్చి దిగిందంటే పొద్దున కూర్చున్నవాణ్ని లేచేసరికి చీకటి పడుతుంది. ఏళ్లుగా నా చేతి కింద నలుగుతున్నది కాసియో ఎంజే-120డీ. చూడ్డానికి 12 అంకెల మామూలు క్యాలిక్యులేటరే. దాని చెక్ మీట గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

దడ్వాయి, అంటే తూకం వేసే మనిషి, బస్తాల తూకాలు చెబుతుంటే వరసగా కూడుతూ పోతాం. మొత్తం చెప్పగానే రైతు "సేటూ, నడుమ ఒక బస్తా ఎక్కనట్టుంది" అంటాడు. చెక్ లేని మిషనైతే మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. రెండోసారి ఇంకో మొత్తం వచ్చిందా, ఇక పంచాయితీయే. దీంట్లో చెక్ నొక్కుతూ పోతే కొట్టిన తూకాలు ఒక్కొక్కటే వరస నంబరుతో సహా కనిపిస్తాయి. మిషన్ రైతు వైపు తిప్పి పెడతాను. ఆయన తన చీటీతో పోల్చుకుంటాడు. 45 బదులు 54 పడితే కరెక్ట్ మీటతో అక్కడే సరిచేయొచ్చు, మొత్తం దానంతటదే మారుతుంది. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి ఏడాది కష్టాన్ని బండికెత్తుకొచ్చిన మనిషి తన లెక్క తన కళ్లతో చూసుకోవాలి. బిల్లు కంప్యూటర్‌లో తీసినా, ఆయన ముందు లెక్క మాత్రం నేను దీని మీదే చేస్తాను.

జీటీ (గ్రాండ్ టోటల్) మీట కూడా బాగా పనికొస్తుంది. తేజ రకానికి ఒక రేటు, తాలుకు, అంటే రంగు పోయిన నాసి కాయకు, ఒక రేటు. విడివిడిగా గుణించి, చివర్లో జీటీ నొక్కితే రెండూ కలిసి వస్తాయి.

చూడకుండా కొట్టగలిగే ఈ సున్నా నుంచి తొమ్మిది దాకా పది మీటలు మొదట్నుంచీ లేవు. అప్పటి పెద్ద మిషన్లలో ఒకట్లకు, పదులకు, వందలకు వేర్వేరు మీటల వరసలుండేవి. టోక్యో దగ్గరి మిటాకాలో, కాసియోకు మూలపురుషుడైన తదావో కాషియో 1946లో చిన్న వర్క్‌షాపు పెట్టారు. సిగరెట్‌ను చివరిదాకా కాల్చుకునేలా వేలికి తొడుక్కునే ఉంగరం పైపు అమ్మి, ఆ లాభం లెక్కల మిషన్ ప్రయోగాలకు పెట్టారు. తమ్ముడు తోషియో బుర్ర, నలుగురు అన్నదమ్ముల చాకిరీ కలిసి 1957లో రిలేలతో (కరెంటుతో పనిచేసే స్విచ్చులు) నడిచే 14-ఏ అనే లెక్కల మిషన్ వచ్చింది. దానికి అంకెల మీటలు పదే. బరువు 140 కిలోలు, ధర 4,85,000 యెన్లు! కాసియో కంపెనీ కూడా ఆ ఏడే పుట్టింది. 1972లో వచ్చిన కాసియో మినీ ధర 12,800 యెన్లు, అరచేతిలో పట్టేది. నా దృష్టిలో అసలు ఘనత అదే. ఆఫీసులకే పరిమితమైన యంత్రం మామూలు మనిషి చేతికొచ్చింది.

నా మిషన్‌కు సోలార్‌తో పాటు బ్యాటరీ కూడా ఉంది, కరెంటు పోయినా పని ఆగదు. చీటీ ప్రింట్ కావాలనుకునేవాళ్లు మాత్రం పేపర్ రోల్ ఉండే మోడల్ తీసుకోవాలి. బజార్లో నకిలీలు చాలా ఉన్నాయి. అందుకే డబ్బులిచ్చే ముందు షాపులోనే ఓ ఇరవై తూకాలు గబగబా కొట్టి, చెక్ నొక్కి, అన్నీ పడ్డాయో లేదో చూసుకోండి.