బ్రాడీపేటలో ఐదు ఆదివారాల పాలిటీ బ్యాచ్: చేరొచ్చు, నోట్స్‌తో మాత్రం జాగ్రత్త

గ్రూప్స్‌కి చదివే ఫ్రెండ్స్ అడుగుతున్నారని రాస్తున్నా. గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద చిన్న కోచింగ్ సెంటర్, కేంద్రం-రాష్ట్రాల అధికారాల మీద కోర్టు తీర్పులు మాత్రమే చెప్పే బ్యాచ్, ఫీజు 1,500. రాయల్టీ తీర్పులు ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కక, పరీక్ష టెన్షన్‌తో చేరాను.

సార్ తీర్పు పేరుతో మొదలుపెట్టరు, డబ్బు ఎవరికి పోతోంది అనే దగ్గర మొదలుపెడతారు. బోర్డు మీద పల్నాడు సున్నపురాయి గని ఒకటి గీసి, లీజు తీసుకున్నవాడు కట్టే రాయల్టీ పన్నా, రాయి తవ్వుకున్నందుకు ఇచ్చే సొమ్మా అని అడిగారు. సగం మందిమి పన్నే అన్నాం. 1989లో ఇండియా సిమెంట్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీలు చెప్పిందీ అదేనట, పన్ను మీద మళ్లీ పన్ను వేసే అధికారం రాష్ట్రానికి లేదు కాబట్టి రాయల్టీ మీద తమిళనాడు వేసిన సెస్సు చెల్లలేదు. 2024 జులై 25న తొమ్మిది మంది ధర్మాసనం 8-1తో దాన్ని తోసిపుచ్చింది: రాయల్టీ పన్ను కాదు, ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలదే, పార్లమెంటు కావాలంటే పరిమితులు పెట్టొచ్చు. ఆ గని బొమ్మ ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

రాష్ట్ర ప్రభుత్వాల్ని తీసేసి రాష్ట్రపతి పాలన పెట్టడం మీద వచ్చిన 1994 బొమ్మై తీర్పు గంటలో అయిపోయింది. మెజారిటీ ఉందో లేదో తేలాల్సింది సభలోనే గానీ రాజ్‌భవన్‌లో కాదన్న ముక్క గట్టిగా నాటారు.

నాకు బాగా నచ్చింది మూడో ఆదివారం. 1962లో పశ్చిమ బెంగాల్ కేసులో, రాష్ట్రానికి చెందిన బొగ్గు భూముల్ని కేంద్రం చట్టం చేసి తీసుకోవచ్చని మిగతా జడ్జీలంతా అంటే కుదరదని విడిగా రాసింది కోకా సుబ్బారావు గారొక్కరే. 1954లో ఆంధ్ర హైకోర్టు మన గుంటూరులోనే మొదలైంది, దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే! ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ ఆ సంగతి నాకు తెలియకపోవడం బాధనిపించింది.

లోపమల్లా నోట్స్‌ది. జిరాక్స్ మసకగా ఉండటం ఒకటి, అందులో ఇప్పటికీ రాయల్టీ పన్నే అని ఉండటం ఇంకొకటి. క్లాసులో సరిగ్గా చెప్పి కాగితం మీద పాత తీర్పు ఇస్తే, క్లాసుకి రాని పిల్లలు పరీక్షలో తప్పే పెడతారు కదా. కౌంటర్‌లో రెండుసార్లు చెప్పాను, మారుస్తామన్నారు, ఇంకా మార్చలేదు. చేరితే ముందు నాలుగో చాప్టర్ తీసి ఆ పేరా కొట్టేసి, పక్కన 2024 తీర్పు రాసుకోండి. క్లాసుకైతే ఐదుకి ఐదు ఇస్తా, నోట్స్‌కి రెండే.