యమహా ఎఫ్‌జీ800: సౌండ్ హోల్‌లోకి తొంగి చూసి మరీ కొన్న గిటార్

ఏడాదిన్నర వాడాక రాస్తున్నాను కాబట్టి అట్టపెట్టె విప్పిన రోజు సంబరం ఇందులో ఉండదు. 20 వేల చిల్లర పెట్టినందుకు నాకైతే బాధ లేదు. కాకపోతే గట్టిగా స్ట్రమ్ చేసే, అంటే తీగలన్నీ కలిపి బాదే అలవాటున్నవాళ్లు మాత్రం ఒకసారి చేతిలోకి తీసుకుని వాయించి చూడకుండా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టొద్దు. ఎందుకో చెప్పాలంటే గిటార్ కడుపులోకి వెళ్లాలి.

నాకు ఆ కడుపు పిచ్చి పట్టించింది పాత గిటార్. ప్లైవుడ్ టాప్‌ది (టాప్ అంటే పై పలక), ఏ కంపెనీదో అనవసరం. ఐదో తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కితే చాలు, జుయ్య్ మని ఈగ ముసిరినట్టు ఒక చప్పుడు. షాపుకి తీసుకెళ్తే ఫ్రెట్లు అరిగాయన్నారు, సాపు చేసి డబ్బులు తీసుకున్నారు, ఈగ అలాగే ఉంది. మళ్లీ వెళ్తే తీగలు మార్చమన్నారు, మార్చాను, ఈగ కదల్లేదు. చివరికి ఒక రాత్రి తీగలన్నీ వదులు చేసి, పక్కకి జరిపి, టార్చ్ వేసిన ఫోన్‌ని సౌండ్ హోల్‌లోంచి దూర్చి వీడియో తీస్తే దొరికింది. టాప్‌కి లోపల అంటించిన పట్టీల్లో ఒకదాని కొస లేచిపోయి ఉంది, విజిటింగ్ కార్డు దూరేంత సందు. ఆ కార్డుకే ఫెవికాల్ రాసి లోపలికి తోసి, ఒక వెదురు ముక్కని సరిగ్గా కొలతకి కోసి కింద పలకకీ పట్టీకీ మధ్య పోటుగా పెట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున్నకి ఈగ పోయింది! షాపులో పోసిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఈ పట్టీలనే బ్రేసింగ్ అంటారు. పెంకుటింటికి వాసాలెలాగో ఇవీ అలాగే. టాప్ మందం చూస్తే 3 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, దాని మీద ఆరు స్టీల్ తీగలు కలిసి 70 కిలోల పైన లాగుతుంటాయి, వాసాలు లేకపోతే బ్రిడ్జి (తీగల కొసలు బిగించే చెక్క) వెనక ఉబ్బి, ముందు కుంగి కొన్నాళ్లకే పని అయిపోతుంది. కానీ ఇంటికప్పు ఊగకూడదు, గిటార్ కప్పు ఊగాలి, గొడవంతా అక్కడే. పట్టీలు లావుగా పెడితే గిటార్ వందేళ్లు ఉంటుంది, మూగగా ఉంటుంది. పల్చగా చెక్కితే గొంతు విప్పుతుంది, ఎప్పుడు వంగుతుందో తెలియదు. పైగా లెక్క కూడా చిత్రంగా ఉంటుంది. పట్టీ వెడల్పు రెట్టింపు చేస్తే గట్టిదనం రెట్టింపే అవుతుంది, అదే ఎత్తు రెట్టింపు చేస్తే 8 రెట్లు అవుతుంది. అంటే ఎత్తులో ఐదో వంతు చెక్కేస్తే చాలు, ఆ చోట గట్టిదనం సగానికి పడిపోతుంది. ఉలి పట్టినవాడు ఒక్క దెబ్బ ఎక్కువ వేస్తే స్వరమే మారిపోతుందన్నమాట.

ఎఫ్‌జీ800లో సౌండ్ హోల్ దగ్గర చిన్న అద్దం పెట్టి చూస్తే రెండు పెద్ద పట్టీలు ఎక్స్ ఆకారంలో దాటుకుంటూ కనిపిస్తాయి. వాటి నడుము దగ్గర పల్లంగా చెక్కి ఉంటుంది, దాన్నే స్కాలప్డ్ బ్రేసింగ్ అంటారు. యమహా దీన్ని 2016లో ఈ సిరీస్‌తో తెచ్చింది. పద్ధతి మాత్రం కొత్తదేమీ కాదు. ఎక్స్ బ్రేసింగ్‌ని అమెరికాలో మార్టిన్ కంపెనీ 1840ల నుంచే వాడుతోంది, అప్పటికింకా గిటార్లకి పేగు తీగలే. తర్వాత స్టీల్ తీగలొచ్చాయి, జనం లావు తీగలు ఎక్కించడం మొదలుపెట్టారు, దాంతో మార్టిన్ వాళ్లు 1944లో స్కాలప్ చెక్కడం మానేసి, 1976లో హెచ్‌డీ-28తో మళ్లీ మొదలుపెట్టారు. అందుకే ఎఫ్‌జీ800కి 13 గేజ్ (గేజ్ అంటే తీగ మందం) తీగలు వేద్దామనుకునేవాళ్లు కాస్త ఆగండి, 12 చాలు. నేనైతే 11కి దిగాను, చెవికి నష్టమేమీ తెలియలేదు.

వాయిస్తే ఎలా ఉంటుందంటే, బొటనవేలితో అన్నిటికంటే లావైన ఇ తీగ ఒక్కసారి మీటితే ఒళ్లో పెట్టుకున్న డబ్బా పొట్టకి తగిలేలా అదురుతుంది. పాతదానిలో ఇది లేనే లేదు. ఫింగర్ పికింగ్‌కి, పాడుతూ నెమ్మదిగా వాయించుకోవడానికి ఈ ధరలో ఇంతకంటే నాకు అక్కర్లేదు. అదే పిక్ పట్టుకుని జి కార్డ్ బాదితే బాస్ పొంగిపోయి సన్న తీగలు దాని కింద మునిగిపోతాయి. ఇంట్లో నలుగురం కూర్చుని కీబోర్డ్‌తో కలిపి వాయించినప్పుడు మా బావ మొహం మీదే అన్నాడు, "నీది గిటారా, డోలా?" అని. స్కాలప్ చెక్కినందుకు ఇచ్చుకోవాల్సిన మూల్యం ఇదే. ఆ బాదుడే మీ పని అయితే చెక్కని బ్రేస్‌లున్న గిటార్ వెతుక్కోండి, శబ్దం పొడిగా, విడివిడిగా వస్తుంది.

షాపులో ఎఫ్‌జీ830 కూడా చూపిస్తారు, రోజ్‌వుడ్ వెనక, రోజ్‌వుడ్ పక్కలు అని ఊదరగొడతారు. టాప్ అదే స్ప్రూస్, అదే స్కాలప్డ్ బ్రేసింగ్. స్పెయిన్‌లో గిటార్లు చేసే టోర్రెస్ అనే ఆయన 1862లోనే వెనకా పక్కలా గుజ్జు కాగితంతో చేసి, టాప్ మాత్రం చెక్కతో పెట్టి, శబ్దమంతా ఎక్కణ్ణుంచి వస్తుందో చూపించాడు. రెండూ పక్కపక్కన వాయించాను, తేడా ఉంది, అదనంగా పెట్టే డబ్బుకి తగినంత లేదు. అందంగా ఉందని కొనుక్కుంటే అది వేరే సంగతి.

ఇంకో మాట, దీనికి సంబంధం లేనిదే గానీ చెప్పకపోతే ఉండబట్టదు. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి స్టీల్ తీగలు ఎక్కించేవాళ్లు ఇంకా కనిపిస్తున్నారు. దాని లోపలి పట్టీలు విసనకర్ర పుల్లల్లా సన్నగా పరిచి ఉంటాయి, 40 కిలోల లాగుడుకి చేసినవి. దయచేసి ఆ పాపం చేయొద్దు.

లోపాలు చెప్పాలంటే, తీగల ఎత్తు కొన్నప్పుడు నా వేళ్లకి ఎక్కువే, సాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్న ముక్క) కింద కొంచెం అరగదీయించాను. టాప్ ప్లైవుడ్ కాకుండా అసలు చెక్క కాబట్టి మొదటి వేసవిలో ఏసీ గదిలో పెట్టి నాలుగు వారాలు వదిలేస్తే తేమ ఆరి కుంగిపోయి తీగలు ఫ్రెట్లకి తగిలాయి. సబ్బుపెట్టెకి చిల్లులు పొడిచి, తడి స్పాంజి పిండి అందులో పెట్టి, గిటార్ కేసులో పడేసి మూసేశాను. పది రోజులకి మళ్లీ మామూలైంది. ఇప్పుడు ఏప్రిల్ రాగానే ఆ పెట్టె తీస్తున్నాను.