ఆరేళ్లుగా వాడుతున్న పాత మోడల్ 10: ఆరు చాంబర్లూ ‘టక్’ మనాలి

గ్రీన్ కార్డు వచ్చిన ఏడాది డాలస్ దగ్గర ఒక చిన్న షాపులో ఈ స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10 రివాల్వర్ కొన్నాను. పాయింట్ 38 స్పెషల్ తూటాలు కాల్చేది, నాలుగంగుళాల లావు బ్యారెల్. ఒకప్పుడు ఏదో పోలీసు డిపార్ట్‌మెంట్‌లో పనిచేసింది. 80లు, 90లలో అక్కడి పోలీసులు పిస్టళ్లకు మారిపోతే ఇలాంటివి బోలెడు సెకండ్ హ్యాండ్‌లోకి వచ్చాయి. 1899 నాటి డిజైన్, అరవై లక్షలకు పైగా తయారైన తుపాకీ కాబట్టి మిగతా వివరాలు అందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది దాని సిలిండర్, అంటే తూటాలు పెట్టే గుండ్రటి భాగం, తిరిగి ‘టక్’ మని గాడిలో పడే చప్పుడు గురించి. నాకు ప్రాణం అది.

ఆ రోజు ముందు నా కన్ను పక్కన అద్దంలా మెరుస్తున్న ఇంకో రివాల్వర్ మీద పడింది. నాతో మా ఆఫీసు పెద్దాయన ఒకాయన వచ్చారు. షూటింగ్ రేంజిలో నాకు కాల్చడం నేర్పింది ఆయనే. సిలిండర్ తెరిచి, తూటాలు పెట్టే ఆరు గదులూ, అంటే చాంబర్లు, ఖాళీగా ఉన్నాయని ఆయన చూశారు, నాకూ చూపించారు. బ్యారెల్ మీది అక్షరాల అంచులు అరిగిపోయి ఉన్నాయి, అంటే ఎవరో గట్టిగా పాలిష్ పట్టి మళ్లీ నల్లపూత వేయించారన్నమాట. స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉన్నాయి. షాపాయన్ని అడిగి, తూటాను పేల్చే సుత్తిలాంటి హ్యామర్‌ని వెనక్కి లాగి నిలబెట్టి, వెనకనుంచి బొటనవేలితో కొంచెం నెట్టారు. ట్రిగ్గర్ ముట్టుకోకుండానే ఠప్పున పడిపోయింది! పైన పటారం, లోన లొటారం. ఆయన లేకపోతే నేను అదే కొనుక్కునేవాణ్ణి.

మోడల్ 10 చూడ్డానికి నలిగిపోయినట్టుంది. హోల్‌స్టర్ తోలు రాసుకుని బ్యారెల్ మూతి దగ్గర, సిలిండర్ అంచుల్లో పూత పోయి తెల్లటి ఇనుము కనిపిస్తోంది. లోపల మాత్రం బ్యారెల్ శుభ్రంగా ఉంది, దాని వెనక అంచులో పగుళ్లు లేవు, స్క్రూలు ఎవరూ ముట్టుకోలేదు. నడుముకు వేలాడింది ఎక్కువ, కాల్చింది తక్కువ. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులో ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే పల్చటి రేకులు, పెడితే అంగుళంలో వెయ్యింట ఆరు వంతుల రేకు దూరింది, ఏడుది దూరలేదు. పది దాటితే వదిలేయమన్నారు పెద్దాయన.

ఆ తర్వాత అసలు పరీక్ష. ఒక చాంబర్ పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టారు, లెక్క తప్పకుండా. సిలిండర్ మీద వేలు తేలిగ్గా ఆనించి, హ్యామర్‌ని వీలైనంత నెమ్మదిగా వెనక్కి లాగాలి. హ్యామర్ పూర్తిగా వెనక్కి వెళ్లేలోపే సిలిండర్ గాడిలో పడి టక్ మనాలి. అలా పడకపోతే చాంబర్ బ్యారెల్‌కు సరిగ్గా ఎదురు రాకముందే పేలొచ్చు, చెక్కుకుపోయిన సీసం తునకలు పక్కవాళ్ల మొహం మీదికి ఎగరొచ్చు. అందుకే ఒకటి రెండు చాంబర్లు చూసి ఊరుకోకూడదు, ఆరూ చూడాలి.

కొన్న నాలుగో ఏడాది నాకు పెద్ద టెన్షన్ పెట్టింది. జూలైలో ఒక మధ్యాహ్నం రేంజిలో ఎనభై రౌండ్లు కాల్చానో లేదో, ట్రిగ్గర్ బరువెక్కింది. ఇంకో నాలుగైదు కాల్చేసరికి సిలిండర్ సగం తిరిగి ఆగిపోయింది. మూతి టార్గెట్ వైపే ఉంచి, మెల్లగా తంటాలు పడి తెరిచాను. లోపల అరిగిపోయింది, ఇక దీని పని అయిపోయిందనుకుని ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన ఎజెక్టర్ రాడ్ నొక్కి, ఖాళీ తూటాలను బయటికి నెట్టే ఆ నక్షత్రం లాంటి ముక్క కింద చూపించారు. కాలకుండా మిగిలిన తుపాకీ మందు రేణువులు, నువ్వుగింజలో సగం ఉంటాయేమో, రెండే రెండు. పాత టూత్‌బ్రష్‌తో దులిపి మూశారు. టక్! డబ్బులు కూడా తీసుకోలేదు. తూటాలు తీసేటప్పుడు మూతి పైకెత్తకపోవడం నా పొరపాటు. ఇప్పుడు నిటారుగా పైకెత్తి ఒక్కసారిగా నొక్కుతాను.

కొనేవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది. ఆ ముక్క కింద మురికి ఉంటే మంచి రివాల్వర్ కూడా పట్టేసినట్టు అనిపిస్తుంది, వదులైపోయిన సిలిండర్ బిగువుగా ఉన్నట్టు తోస్తుంది. కాబట్టి ముందు బ్రష్ పట్టించి ఆ తర్వాతే పరీక్ష చేయండి.

ఇన్నాళ్లూ స్నేహితులతో ఆరు చాంబర్లూ పర్ఫెక్ట్ అని చెబుతూ వచ్చాను. నిజానికి చుక్క నుంచి లెక్కపెడితే నాలుగోది కొన్న రోజే వెంట్రుకవాసి ఆలస్యంగా పలికింది. మామూలు వేగంతో లాగితే సరిగ్గానే పడుతోందని చూసి, దాన్ని చెప్పి కాస్త ధర తగ్గించుకున్నాం. ఇప్పుడు ఐదోది కూడా అలాగే అవుతోంది. సిలిండర్‌ని తిప్పే ముక్క, హ్యాండ్ అంటారు, అది అరుగుతోంది.

నేను నెలకు రెండుసార్లు వందేసి రౌండ్లు, అవీ టార్గెట్ ప్రాక్టీసుకు వాడే తేలిక తూటాలు, వాడ్‌కట్టర్లే కాలుస్తాను. ఇంట్లో చిన్నపిల్లలు లేరు, అయినా సేఫ్‌లో తాళం వేసే ఉంచుతాను. ఈ లెక్కన నాకు మంచి బేరమే. వారానికి వందలు కాల్చేవాళ్లకు ఇదే మాట చెప్పలేను. ఖాళీ తుపాకీ మీద కూడా ట్రిగ్గర్ నొక్కి చూడనివ్వని షాపులో అసలు కొనొద్దంటాను. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు కొనడానికి చట్టం మామూలుగా ఒప్పుకోదు, మినహాయింపులు కొన్నే, అది ముందు చూసుకోండి.

వచ్చే నెల హ్యాండ్ మార్పించడానికి ఇస్తున్నాను. ఈలోగా నాలుగో చాంబర్ వచ్చేసరికి నా బొటనవేలు దానంతటదే నెమ్మదిస్తోంది, చెవి ఆ చప్పుడు కోసం చూస్తోంది.