సీటు దొరక్క తీసుకున్న స్టాటిస్టిక్స్: 22 ఏళ్ల తర్వాత

డిగ్రీలో నేను కోరుకున్నది ఫిజిక్స్. నా వంతు వచ్చేసరికి సీట్లు అయిపోయాయి. "మాథ్స్‌తో స్టాటిస్టిక్స్ ఖాళీ ఉంది, రాసేయమంటావా?" అని అడిగారు కౌంటర్‌లో. వెనక పెద్ద క్యూ. అదేం సబ్జెక్టో తెలియకుండానే సరేనన్నాను. అది జరిగి 22 ఏళ్లయింది.

మొదటి ఏడాది బాగాలేదు, ఉన్నమాట చెప్పాలి. రికార్డు నిండా పెన్సిల్ గీతల పట్టికలు. పుస్తకం చివర టేబుల్లో విలువ చూసి "నల్ హైపోథిసిస్‌ని తిరస్కరిస్తున్నాం" అని రాసేవాళ్లం. నల్ హైపోథిసిస్ అంటే 'తేడా ఏమీ లేదు' అని ముందుగా పెట్టుకునే ఊహ. ఎందుకు తిరస్కరిస్తున్నామో మాలో ఎవరికీ తెలియదు. చాలామంది ఇక్కడే విసిగిపోయి వదిలేస్తారు. అసలు సరుకంతా ఆ తర్వాతే ఉంది కాబట్టి నాకు బాధేస్తుంది. అప్పుడే ప్రపంచ ప్రసిద్ధ స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి గురించి చదివాను. ఆయన కూడా మాథ్స్ చదివి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అది దొరక్క 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారట. ఆ కబురు నాకెంతో ధైర్యాన్నిచ్చింది.

రెండో ఏడాది మేడం 1973 నాటి ఆన్‌స్కోంబ్ డేటా ఇచ్చారు. నాలుగు సెట్లు, ఒక్కోదాంట్లో 11 జతల అంకెలు. సగటు, కోరిలేషన్ (జతలోని రెండు అంకెలు ఎంతగా కలిసి మారతాయో చెప్పే కొలత) అన్నిటికీ దాదాపు ఒకటే. గ్రాఫ్ పేపర్ మీద చుక్కలు పెడితే ఒకటి విల్లులా వంగింది, ఇంకొకటి స్తంభంలా నిలబడింది, ఒక్క చుక్క మాత్రం ఎక్కడో దూరంగా పడింది. ఆ రోజు నుంచి ఏ సగటునూ చుక్కలు చూడకుండా నమ్మలేదు.

ఉద్యోగం కూడా దీనితోనే వచ్చింది. కానీ దీని విలువ నాకు ఇంట్లో తెలిసింది. అక్కకి ఒక స్క్రీనింగ్ టెస్టులో పాజిటివ్ వచ్చింది. "టెస్టు 99 శాతం కరెక్టటరా" అని ఫోన్‌లో ఏడ్చింది. వెళ్లి, ఆ రిపోర్టు కవరు వెనకే లెక్క రాశాను. ఆ జబ్బు 1000 మందిలో ఒకరికి ఉంటుందనుకుందాం. ఆ ఒక్కరినీ టెస్టు పట్టుకుంటుంది. మిగతా 999 మందిలో నూటికి ఒకరి చొప్పున మరో పదిమందికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 11, జబ్బున్నది ఒక్కరికే. 1763లో అచ్చయిన బేయీస్ సూత్రమే ఇది. పరీక్షలో మార్కుల కోసం బట్టీపట్టి రాశాను, అర్థమైంది మాత్రం ఆ కవరు మీదే.

"ఆ ఒక్కరూ నేనే అయితే?" అంది అక్క.

దానికి ఈ సబ్జెక్టు దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లలో దీనిలో నాకు కనిపించిన లోటు అదొక్కటే. రెండో రిపోర్టు వచ్చేదాకా నాలుగు రోజులు తన దగ్గరే ఉన్నాను. నెగటివ్ వచ్చింది.

ఆ కవరు అక్క బీరువాలో ఇంకా ఉంది. ఇప్పుడు ఎవరే భయపెట్టే వార్త చెప్పినా తను ముందుగా అడిగే మాట, "ఎంతమందిలో?"