పాత క్లాస్‌మేట్లను వెతకడానికి లింక్డ్‌ఇన్ అల్యూమ్నై ట్యాబ్ ఎంతవరకు పనికొస్తుంది?

కలిసి చదువుకున్నవాళ్ల అడ్రసు అడిగితే కాలేజీ ఆఫీసు ఇవ్వదు. ఇవ్వకపోవడమే సబబు. ఎవరి వివరాలు వాళ్లే ఇష్టపడి పెట్టుకున్న చోట వెతకడం మేలు. అందుకు ఉద్యోగ పరిచయాల వెబ్‌సైట్ లింక్డ్‌ఇన్‌లోని అల్యూమ్నై (పూర్వ విద్యార్థుల) ట్యాబే మా మొదటి ఎంపిక. ఫేస్‌బుక్ ఎందుకు కాదంటే, ఫోన్ నంబరుతో, ఈమెయిల్‌తో మనుషుల్ని వెతికే వీలును అది 2018 ఏప్రిల్‌లో తీసేసింది. అక్కడ ఇక పేరే ఆధారం. పెళ్లయి ఇంటిపేరు మారితే అదీ చిక్కే.

కంప్యూటర్‌లో లింక్డ్‌ఇన్‌లోని మీ కాలేజీ పేజీ తెరిచి అల్యూమ్నై నొక్కండి. చదివిన సంవత్సరాలు, ఉంటున్న ఊరు, పనిచేసే సంస్థ, సబ్జెక్టు వారీగా జల్లెడ పట్టొచ్చు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: వెళ్లగానే తమ బ్యాచ్ సంవత్సరాలు వేసేస్తారు. ప్రొఫైల్‌లో సంవత్సరం రాయనివాళ్లు దాంతో రాలిపోతారు. ముందు ఆ గడులు ఖాళీగా వదిలి, ఇంటిపేరు లేకుండా పేరొక్కటే కొట్టండి. మరో చిక్కు, కాలేజీ పేరును జాబితాలోంచి ఎంచుకోకుండా సొంతంగా టైప్ చేసినవాళ్లు ఈ పేజీలో కనిపించరు. వాళ్ల కోసం మామూలు సెర్చ్‌లో మనిషి పేరు, కాలేజీ పొట్టిపేరు కలిపి చూడాలి.

పేరుకు బదులు ‘లింక్డ్‌ఇన్ మెంబర్’ అని వస్తే ఆ మనిషి మీ పరిచయాల పరిధిలో లేనట్టు. బ్యాచ్‌లో అందరితో కలివిడిగా ఉండే ఒక్కరిని ముందు కలుపుకోండి, వాళ్ల కనెక్షన్ల (వాళ్లు కలుపుకున్నవాళ్ల) పేర్లు కనబడతాయి. ఉచిత ఖాతాతో మరీ ఎక్కువ వెతికితే సెర్చ్ ఆగిపోతుంది, మళ్లీ ఒకటో తారీఖుదాకా ఆగాలి.

ఉత్త కనెక్షన్ రిక్వెస్ట్ పంపితే అపరిచితులనుకుని పక్కన పెట్టేస్తారు. నోట్ (చిన్న సందేశం) జతచేయండి. ఉచిత ఖాతాకు నెలకు కొన్ని నోట్లే, ఒక్కోదానికి 200 అక్షరాలే. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి కాబట్టి రెండు మూడు వాక్యాలతో సరి. ‘98 బ్యాచ్, బి సెక్షన్. కెమిస్ట్రీ ల్యాబ్‌లో కిటికీ పక్క టేబుల్ మనది. కుదిరితే పలకరించండి.’ ఇలా ఉంటే చాలు. మొదటి నోట్‌లోనే ఫోన్ నంబరు అడగొద్దు.

పెద్ద లోటు ఏమిటంటే, ఉద్యోగాలు చేయనివాళ్లు ఇందులో దాదాపు దొరకరు. అలాంటివారికి ఉత్తరం రాసి, కవర్ అంటించి, మీద పేరూ బ్యాచూ రాసి, పూర్వ విద్యార్థుల సంఘానికి ఇవ్వండి. అడ్రసు మీకు చెప్పకుండానే వాళ్లు చేరవేయగలరు. లోపల మీ నంబరు రాయడం మరవొద్దు. అవతలివాళ్లకు మిమ్మల్ని చేరే దారి అదొక్కటే.