కడియంలో కొన్న అరకేరియా, 4 ఏళ్ల తర్వాత

ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టు కావాలని కడియం వెళ్లి, అక్కడ క్రిస్మస్ ట్రీ అని అమ్మే అరకేరియా తెచ్చాం. 3 అడుగుల మొక్క ఇప్పుడు డాబా ఎత్తుకొచ్చింది. కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా విచ్చుకుంటాయి, పొద్దుటి ఎండ పడితే అలా చూస్తూ నిలబడిపోతాను. తల చిగురు విరిగిన మొక్క తీసుకోవద్దండీ అని నర్సరీ ఆయన ఓపిగ్గా చెప్పారు, నిజమే, దానికి ప్రాణం అదే, పక్క కొమ్మ నాటి పెంచితే నిటారుగా లేవదు, పక్కకే సాగుతుంది. మాది నల్లరేగడి, నీళ్లు నిలిచి వేరు కుళ్లకుండా ఇసుక కలిపి ఎత్తులో నాటాం. ఒక్కటే బాధ. సొంతగడ్డ అయిన పసిఫిక్ దీవి న్యూ కలెడోనియాలో 60 మీటర్ల దాకా పెరిగే జాతి ఇది, ఆ మాట అమ్మేటప్పుడు చెప్పలేదు, గోడ పక్కనే పెట్టేశాం. మీరు మాత్రం ఇంటికి బాగా దూరంగా పెట్టండి.